గుండె ఆగిన వేళ: వైద్యవిద్యార్థి నేర్చినదేమి, గ్రామము అడుగవలసినదేమి

కృష్ణా జిల్లా కేంద్రమైన మచిలీపట్నములో 2023 సెప్టెంబరు మాసమున ప్రభుత్వ వైద్యకళాశాల ప్రారంభమైనది. ఏటేట 150 మంది విద్యార్థులు అందు ఎం.బి.బి.ఎస్. తరగతిలో చేరుటకు వీలు కలిగినది. భోగరాజు పట్టాభి సీతారామయ్యగారు మద్రాసులో వైద్యవిద్య ముగించుకొని వచ్చి బందరులో వైద్యవృత్తి ఆరంభించిన కాలమున, ఈ సీమలోని యువకుడు డాక్టరు కావలెనన్న మద్రాసుకే పోవలసియుండెను. నేడు ఆ చదువు బందరులోనే లభించుచున్నది. సంతోషింపదగిన విషయమే. ఐతే గ్రామపంచాయతీ సభ్యులు ఇచట ఒక ప్రశ్న వేసికొనవలసియున్నది. ఆ కళాశాలలో చదువు యువకుడు సెలవులలో కోడూరునకో నాగాయలంకకో వచ్చియుండగా, వాకిటిలో ఒక మనిషి గుండె ఆగి కుప్పకూలినచో, ఆ యువకుని చేతులు పని చేయునా?

చేతులు అని బుద్ధిపూర్వకముగానే వ్రాయుచున్నాను. పుస్తకములోని సమాధానము అతనికి కంఠస్థమై యుండవచ్చును. కాని పుస్తకము వలన రక్తము మెదడునకు చేరదు.

మొదట రెండు మాటల భేదమును తెలిసికొందము. గుండెపోటు వేరు, గుండె ఆగుట వేరు. గుండెపోటులో గుండె కండరమునకు రక్తము తెచ్చు నాళము పూడిపోవును. రొమ్మున నొప్పి, చెమటలు, చేతికి గాని దవడకు గాని ప్రాకు బాధ కలుగును. మనిషి సాధారణముగా తెలివితోనే ఉండి మాటాడుచుండును. అట్టివానిని నడిపింపక, కూర్చుండబెట్టి, వెంటనే ఆసుపత్రికి చేర్చవలెను, రొమ్ము నొక్కరాదు. ఇక గుండె ఆగుట అనగా, గుండె కొట్టుకొనుట మాని ఊరక వణకుట, లేదా పూర్తిగా నిశ్చలమగుట. క్షణములలో తెలివి తప్పును, ఊపిరి నిలిచిపోవును. గుండెపోటు ముదిరి గుండె ఆగవచ్చును గాని, గుండె ఆగుటకు అదియొక్కటే దారి కాదు.

మన డెల్టాలో తక్కిన దారులు కూడ చాల కలవు. గుడివాడ పరిసరములందును దివిసీమయందును చేపల చెరువులు, రొయ్యల చెరువులు విస్తరించినవి. చెరువులో గాలిచక్రములు త్రిప్పు ఏరేటర్లకు కరెంటు తీగెలు తడినేలపైననే ప్రాకుచుండును. రాత్రివేళ కాపలా ఉన్న కూలివాడు తడికాళ్లతో తీగెను సరిచేయబోవును. కరెంటు దెబ్బకు గుండె కొట్టుకొనుట మాని వణకును. ఆ మనిషి అంతకుముందు క్షణము వరకు పూర్ణారోగ్యవంతుడే. కాలువలలోను చెరువులలోను మునిగినవారి సంగతి వేరే చెప్పనక్కరలేదు. పాముకాటు మరియొకటి. 2018 వానకాలమున అవనిగడ్డ ప్రాంతములో పాముకాట్లు ఎంత అధికమైనవో దివిసీమవారికి జ్ఞాపకముండియే యుండును. త్రాచు, కట్లపాము విషము ఊపిరి తీయు కండరములను చచ్చుపడజేయును. ఊపిరి ఆగిన కొలదిసేపటికి గుండెయు ఆగును. కనుక ఇది పట్టణములలో వయసు మీరినవారికి మాత్రమే వచ్చు జబ్బని తలచుట సరికాదు. చెరువుగట్టున ఇరువది యేండ్ల కూలివానికిని ఈ ఆపద కలదు.

ఇక కాలము లెక్క చూడుడు. గుండె ఆగిన నాలుగైదు నిమిషములకు మెదడు చెడుట ఆరంభించును. ఎవరును ఏమియు చేయనిచో, బ్రతుకు ఆశ నిమిష నిమిషమునకు నూటికి 7 మొదలు 10 పాళ్ల వరకు తగ్గిపోవునని వైద్యులు లెక్కగట్టినారు. రొమ్ము నొక్కు పని వెంటనే ఆరంభమైనచో ఈ తరుగుదల దాదాపు సగమునకు మందగించును. మచిలీపట్నము నుండి అవనిగడ్డకు సుమారు 35 కిలోమీటర్లు. అచటి నుండి నాగాయలంక, కోడూరు ఇంకను దూరము. 2005 ఆగస్టు 15న మన రాష్ట్రములో మొదలైన 108 అంబులెన్సు సేవ ఎందరి ప్రాణములనో కాపాడినది. ఐనను ఫోను అందుకొని, ఊరు తెలిసికొని, కరకట్ట దారి పట్టి, వాహనము 15 నిమిషములలో వచ్చినదనుకొన్నను, పైలెక్కలో ఎంత మిగులునో సభ్యులే చూచుకొనవచ్చును. దీవులలోని ఊళ్లకు పంటుపై ఏరు దాటవలసివచ్చినపుడు లెక్కయే అనవసరము. అంబులెన్సు రాక ముందు గడచు ఆ నిమిషములు ఊరివారివి. ఊరిలో వైద్యవిద్యార్థి యుండినచో ముందుగా అతనివి.

అతడేమి నేర్చినాడు? 2010లో ఇండియన్ జర్నల్ ఆఫ్ అనస్థీషియా అను వైద్యపత్రికలో ఒక పరిశీలన ప్రకటింపబడినది. వైద్య, దంతవైద్య, నర్సింగు విద్యార్థులు, ఇంటర్న్‌లు, డాక్టర్లు, అధ్యాపకులు కలసి 345 మందికి ప్రాణరక్షణ మూలవిద్యపై ప్రశ్నపత్రము ఇచ్చి చూడగా, పూర్తి మార్కులు ఒక్కరికిని రాలేదు. నూటికి సుమారు 85 మందికి సగము మార్కులైనను రాలేదు. వీరు మనవలె పల్లెవాసులు కారు, తెల్లకోటు ధరించినవారు. దేశములో తరువాత పలుచోట్ల జరిగిన పరిశీలనలలోను విద్యార్థుల జ్ఞానము చాలినంత లేదనియే తేలినది.

ఈ లోపమును ప్రభుత్వము గమనింపకపోలేదు. 2019లో ఎం.బి.బి.ఎస్. పాఠ్యక్రమము మార్చినపుడు, కళాశాలలో చేరిన తొలి మాసమున ప్రవేశక తరగతులు ఏర్పరచి, ప్రథమచికిత్సతో పాటు ఈ ప్రాణరక్షణ విద్యను కూడ అందు చేర్చినారు. మంచి ఏర్పాటే. కాని ఒక చిక్కు కలదు. ఇది ఈత వంటి విద్య కూడ కాదు. ఈత ఒకమారు వచ్చినచో మరి పోదు. ఈ విద్య మూడు నాలుగు మాసములకే చేతుల నుండి జారిపోవుట మొదలగునని ప్రపంచములో పలుచోట్ల చేసిన పరీక్షలు నిరూపించినవి. మొదటి మాసమున ఒక దినము బొమ్మపై చేతులు పెట్టిన విద్యార్థి, అయిదేండ్ల తరువాత ఇంటర్న్ అయి రాత్రి కాపు చేయునాటికి ఏమి మిగుల్చుకొని యుండును? 2023లో బందరు కళాశాలలో చేరినవారు 2028 ప్రాంతమున ఇంటర్న్‌లగుదురు. నడుమ ఎన్ని మారులు అభ్యాసము జరిగినదో ఆనాటి రోగి అదృష్టము దానిపై ఆధారపడియుండును.

విద్యార్థులు ఎచట తప్పుదురు? సంఖ్యలు చెప్పుటలో అంతగా కాదు. నిమిషమునకు ఎన్ని నొక్కులని అడిగినచో 100 మొదలు 120 అని చెప్పుదురు. లోతు 5 సెంటీమీటర్లకు తగ్గరాదు, 6 మించరాదు అని కూడ చెప్పుదురు. బొమ్మ ముందు కూర్చుండబెట్టినపుడే అసలు సంగతి బయటపడును. కొందరు భయముతో అంగుళము కూడ నొక్కరు. కొందరు తొందరలో వేగము మించుదురు. చాలమంది నొక్కిన తరువాత చేతుల బరువును పూర్తిగా తీయరు. రొమ్ము తిరిగి పైకి లేవనిచో గుండెలోనికి రక్తము వచ్చి నిండదు, ఖాళీ తిత్తిని నొక్కినట్లే. నాడి దొరకునేమో అని పది సెకనులలో తేల్చుకొనవలసినదానిని నిమిషముసేపు వెదకువారును కలరు. పైగా 2010కి ముందు చదివినవారి చేతికి పాత వరుసయే అలవాటు: ముందు ఊపిరి, తరువాత నొక్కు. ఆ యేట వరుస మార్చి, పెద్దలకు నొక్కుటయే ముందని నిర్ణయించినారు. ప్రశ్నపత్రముతో పరీక్షించినంతకాలము ఈ తప్పులేవియు పట్టుబడవు. వ్రాతపరీక్షలో ఉత్తీర్ణుడైన డ్రైవరునకు లైసెన్సు ఇచ్చి, బండి నడిపించి చూడకుండుట వంటిదే ఇదియు.

ఈ విద్య పుట్టుక కథ కూడ మన చెరువుగట్టులకు దగ్గరిదే. అమెరికాలోని బాల్టిమోరు నగరమున జాన్స్ హాప్‌కిన్స్ విశ్వవిద్యాలయములో విలియం కూవెన్‌హోవెన్ అను ఆచార్యుడుండెడివాడు. ఆయన వైద్యుడు కాడు, విద్యుత్ ఇంజనీరు. తీగెలపై పనిచేయు లైన్‌మన్లు కరెంటు దెబ్బకు చనిపోవుచుండుట చూచి, విద్యుత్తుచేత ఆగిన గుండెను మరల నడిపించు ఉపాయమును ఆయన ఏండ్ల తరబడి వెదకెను. ఆ ప్రయోగశాలలోనే ఒకనాడు నికర్‌బాకర్ అను యువకుడు, విద్యుత్ యంత్రపు పలకలను జంతువు రొమ్ముపై గట్టిగా అదిమినపుడు రక్తపుపోటు లేచుట గమనించెను. కరెంటు ఇంకను పంపకముందే! జూడ్ అను శస్త్రవైద్యుడు కూడ చేరి, ముగ్గురును కలసి 1960లో ఈ పద్ధతిని ప్రకటించిరి. అంతవరకు ఆగిన గుండెను నొక్కవలెనన్న రొమ్ము కోయవలసియుండెను. అదే యేట నార్వే దేశమున లేర్డల్ అను బొమ్మల వ్యాపారి, ఈ విద్యను అభ్యసించుటకు మనిషంత బొమ్మను తయారుచేసెను. బొమ్మలు చేయువారు వైద్యమునకు మేలొనర్చిరనుట కొండపల్లిని ఎరిగిన మనవారికి నచ్చును.

ఇప్పుడు పద్ధతి. సభ్యులు దీనిని చదివి, వైద్యవిద్యార్థి చేసి చూపునపుడు సరిపోల్చుకొనవలెను. చదువుట మాత్రమున చేతికి రాదు.

పడియున్న మనిషిని సమీపించు ముందు చోటు క్షేమమా అని చూడవలెను. కరెంటు దెబ్బయైనచో మెయిన్ స్విచ్చి ఆపనిదే ముట్టరాదు. స్తంభపు తీగె తెగిపడియున్నచో విద్యుత్ సిబ్బంది సరఫరా ఆపువరకు దగ్గరకు పోరాదు. ఒకని కొరకు పరుగెత్తి ఇద్దరు ముగ్గురు బలియైన ఘటనలు పల్లెలలో క్రొత్త కావు. తరువాత రెండు భుజములు తట్టి గట్టిగా పిలువవలెను. పలుకడు, ఊపిరి లేదు. లేదా ఒడ్డున పడిన చేపవలె నోరు తెరచి ఎగశ్వాస విడిచి విడిచి తీయుచున్నాడు. ఈ చివరి గుర్తును బాగుగా జ్ఞాపకముంచుకొనవలెను. ఊపిరి ఆడుచున్నది గదా అని పల్లెలో మోసపోవునది దీని వలననే. అది ఊపిరి కాదు, ఆగిన గుండెకు గుర్తు. వెంటనే ఒకరు 108కి ఫోను చేసి, స్పీకరు పెట్టి ప్రక్కన ఉంచవలెను.

రోగిని నులకమంచముపై ఉంచి నొక్కినచో నులక దిగును గాని రొమ్ము దిగదు. కావున నేలపై వెల్లకిల పరుండబెట్టవలెను. ప్రక్కన మోకాళ్లపై కూర్చుండి, రొమ్ము నడిమి ఎముక క్రింది సగముపై ఒక అరచేతి మడమను ఆనించి, రెండవ చేతిని దానిపై వేసి, మోచేతులు వంచక, నడుము బరువుతో నొక్కవలెను. లోతు రెండంగుళములు. గడియారపు సెకను ముల్లు ఒకమారు కదలునంతలో దాదాపు రెండు నొక్కులు. ప్రతి నొక్కు తరువాత రొమ్ము పూర్తిగా పైకి లేవనీయవలెను. చేయువానికి రెండు నిమిషములకే చెమటలు పట్టి, తెలియకయే బలము తగ్గును. కనుక రెండు నిమిషములకొకమారు చేతులు మారవలెను. ప్రక్కటెముక పటుక్కుమన్నచో బెదరి ఆపరాదు. విరిగిన ఎముక అతుకును. శిక్షణ పొందినవారు 30 నొక్కులకు 2 ఊపిరుల చొప్పున నోటితో అందింతురు. శిక్షణ లేనివారు నొక్కుటయే చాలును. మనదేశపు అనస్థీషియా వైద్యులు సామాన్యప్రజల కొరకు 2017లో రూపొందించిన పద్ధతి కూడ నొక్కుటతోనే సరిపెట్టినది. నోట నోరు పెట్టుటకు జంకి అసలు పనియే మానుకొనుటకంటె ఇది ఎంతయో మేలు.

నీట మునిగినవారికి మాత్రము ఈ సడలింపు లేదు. వారి గుండె ఊపిరి లేక ఆగినది గనుక ముందు నోటితో ఊపిరి అందించి, తరువాత నొక్కవలెను. కడుపు నొక్కి నీరు కక్కించుట, భుజముపై వేసికొని గిరగిర త్రిప్పుట, తలక్రిందుగా వ్రేలాడదీయుట, ఇవన్నియు విలువైన నిమిషములను నీళ్లపాలు చేయు పనులు. చిన్నపిల్లల విషయములోను ఊపిరికి ప్రాధాన్యము హెచ్చు. నొక్కు లోతు వారి రొమ్ము మందములో మూడవ వంతు. ముఖముపై నీళ్లు చల్లుట, ముక్కుకడ ఉల్లిపాయ పెట్టుట, చేతిలో తాళపుచెవులు ఉంచుట, తెలివిలేనివాని నోట మంచినీరు పోయుట వంటి వానిని గూర్చి చెప్పవలసినది ఒక్కటే: మానవలెను.

ఈ పని చేసినంత మాత్రమున ప్రతివారును బ్రతుకుదురని ఎవరును చెప్పలేరు. వణకుచున్న గుండెను దారికి తెచ్చునది విద్యుత్ ఘాతమిచ్చు ఎ.ఇ.డి. యంత్రము, ఊపిరి, మందులు, ఆసుపత్రి తరువాత రావలెను. నొక్కుట వలన జరుగునది, అవి వచ్చువరకు మెదడును కాపాడుట.

ఇక పంచాయతీలు ఏమి చేయగలవు? ఇచట సభ్యుల చేతికి ఒక మంచి అవకాశము వచ్చినది. 2022 నుండి ఎం.బి.బి.ఎస్. చదువులో కుటుంబ దత్తత కార్యక్రమము చేర్చబడినది. ప్రతి విద్యార్థియు మొదటి సంవత్సరము నుండియే పల్లెలో కనీసము మూడు కుటుంబములను స్వీకరించి, వారి ఆరోగ్యమును కొన్నేండ్లు కనిపెట్టి యుండవలెను. 150 మంది, తలకు మూడిండ్లు. ఒక్క తరగతికే 450 ఇండ్లు. వీరు వచ్చినపుడు రక్తపుపోటు చూచి, కాగితములు నింపుకొని పోవుదురు. అది అవసరమే. దానితో పాటు బొమ్మను కూడ వెంట తీసికొని రండని పంచాయతీ ఎందుకు అడుగరాదు? కళాశాల ప్రిన్సిపాలుగారికి సర్పంచి ఒక ఉత్తరము వ్రాసిన చాలును. అధ్యాపకుని పర్యవేక్షణలో విద్యార్థులు రచ్చబండకడ బొమ్మపై చేసి చూపి, తరువాత ఊరివారిచేత చేయింపవలెను. ఇతరులకు నేర్పువాడు తాను మరువడు. మూడు మాసములకొకమారు ఇట్లు జరిగినచో విద్యార్థి చేతికి అభ్యాసము, ఊరికి విద్య రెండును సమకూరును. ఊరివారు విద్యార్థిని పరీక్షించుటయా అని నవ్వువారు నవ్వవచ్చును. రెండంగుళములు దిగినదో లేదో చెప్పుటకు పట్టా అక్కరలేదు. బొమ్మలోని బిళ్ల టక్కుమనును.

ఎవరికి నేర్పవలెనను విషయమున తెలివి చూపవలెను. సభ ముందు వరుసలో కూర్చుండు పెద్దలకు మాత్రమే నేర్పి ఫోటో తీయించుకొన్నందున ఫలము తక్కువ. చెరువు కాపలాదారులు, రైసుమిల్లు పనివారు, ఆటో డ్రైవర్లు, పంటు నడుపువారు, లైన్‌మన్లు, ఆశా కార్యకర్తలు, ఉన్నతపాఠశాల విద్యార్థులు ముందుండవలెను. స్త్రీల సంగతి వేరుగా ఆలోచింపవలెను. స్త్రీ కుప్పకూలినపుడు రొమ్ముపై చేయి వేయుటకు పరపురుషుడు జంకును. ఇతర దేశములలో కూడ దారిలో పడిపోయిన స్త్రీలకు ఈ సాయము పురుషులకంటె తక్కువగా అందుచున్నదని పరిశీలనలు తెలుపుచున్నవి. మన డ్వాక్రా సంఘముల స్త్రీలు ప్రతి వీథిలోను ఉన్నారు. వారిలో వీథికి ఇద్దరు నేర్చినచో ఈ చిక్కు తీరును.

డెన్మార్కు పేరు పాలసహకార సంఘముల వలన మనవారికి పరిచితమే. ఆ దేశము 2005లో పాఠశాలలలోను, మరుసటి యేట డ్రైవింగు లైసెన్సు కోరువారికిని ఈ శిక్షణను నిర్బంధము చేసినది. 2001లో గుండె ఆగి పడినవారిలో నూటికి 21 మందికి మాత్రమే చుట్టుప్రక్కలవారి సాయము అందగా, 2010 నాటికి 45 మందికి అందినది. నెలదినములు దాటి బ్రతికినవారు నూటికి మూడున్నర నుండి దాదాపు 11 మందికి పెరిగిరి. ఆ పెరుగుదల అంతయు శిక్షణ వలననే కాదు, ఆసుపత్రులును బాగుపడినవి. ఐనను మొదటి చేయి ఊరివారిదే.

సాయము చేసినచో పోలీసు కేసు వచ్చునను భయము కొందరికి కలదు. రోడ్డుప్రమాదములో గాయపడినవారికి సద్భావముతో సాయపడినవారిపై సివిలు, క్రిమినలు బాధ్యత మోపరాదని మోటారు వాహనముల చట్టమునకు 2019లో చేర్చిన 134-ఎ సెక్షను చెప్పుచున్నది. గ్రామసభలో ఈ సెక్షనును చదివి వినిపింపవచ్చును.

ఖర్చు సంగతి. అభ్యాసపు బొమ్మ ఒకటి నాలుగైదు పంచాయతీలు కలసి కొనుక్కొనవచ్చును, లేదా కళాశాలనుండి ఎరవు తెచ్చుకొనవచ్చును. గ్రామపంచాయతీ అభివృద్ధి ప్రణాళికలో ఆరోగ్యవంతమైన గ్రామము అను అంశము కలదు గనుక, దాని క్రింద ఈ కార్యక్రమమును వ్రాయించుటకు వీలుండును. 108 వాహనమునకు ఆనవాళ్లు చెప్పుట కొరకు చెరువుల దారులకు, పంటురేవులకు పేరుబోర్డులు నాటించుట దీనికన్న చౌక. ఎర్రగుడి దాటి మూడవ గట్టు అని ఫోనులో చెప్పిన దారిని రాత్రివేళ డ్రైవరు వెదకుచు తిరుగుట వలన కలుగు ఆలస్యమును ఆ బోర్డు తొలగించును.

తొలి శిక్షణకు తేది నిర్ణయించునపుడు వేసవి చివరను, కాలువలకు నీరు వదలుటకు ముందుగా పెట్టుకొనుట మంచిది. బడులు తెరచిన పదిదినములలో ఉన్నతపాఠశాలలో రెండవది, తుపాను మాసములైన అక్టోబరు, నవంబరులకు ముందు పంటురేవుకడ మూడవది జరుపవచ్చును. ఉత్తరము వ్రాయునప్పుడు ఎంతమంది నేర్చుకొన దలచినారో, ఎన్ని బొమ్మలు కావలెనో, నేర్చినవారిని మూడు మాసముల తరువాత ఏ దినమున మరల పరీక్షింపవలెనో కూడ అందే వ్రాయవలెను.